విద్యార్థులు - కంప్యూటరు స్వాతంత్ర్యము

నర్సీపట్నము రోడ్డు అను రైలుస్టేషను కలదు. అచట దిగిన క్రొత్తవానికి నర్సీపట్నము కనబడదు. పేరొకచోటను ఊరొకచోటను ఉన్నవి. నడుమనున్న దూరమునకు మఱియొక బండి చూచుకొనవలసినదే. మన పట్టణముల విద్యార్థులకును కంప్యూటరు విద్యకును నేడు గల సంబంధము ఇంచుమించుగా ఇట్టిదే యని మాకు తోచుచున్నది. పాఠ్యప్రణాళికలో పేరు కలదు. బల్లపై యంత్రము కలదు. విద్య మాత్రము ఇంకను దూరముననే యున్నది. ఆ దూరమును తగ్గించుటకు పెద్ద పెట్టుబడి అక్కఱలేని మార్గమొకటి కలదు. దానిని గూర్చి మా పాఠకులకు విన్నవించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

నర్సీపట్నము 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీ వఱకు విశాఖపట్నము జిల్లాలో నుండి, నాటినుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మాఱినను ఊరి స్థానము మాఱలేదు. మైదానమునకును మన్యమునకును ఇది గుమ్మము వంటిది. చింతపల్లి మొదలగు మన్యపుటూళ్ల నుండి దిగివచ్చు పిల్లలును, చెఱకు, వరి పండించు చుట్టుపట్ల గ్రామముల పిల్లలును ఇచటి విద్యాలయములలో కలిసి చదువుచున్నారు. వీరిలో పెక్కుమందికి కంప్యూటరు అనునది ఇంటిలో నున్న వస్తువు కాదు. ఉన్నను క్రొత్తది కాదు.

ఇటీవల మేమీ పట్టణమున కంప్యూటర్లు బాగుచేయు అంగడి యొకదానిలో కొంతసేపు కూర్చుండుట తటస్థించెను. సమీపగ్రామము నుండి వచ్చిన రైతొకడు, తన కుమార్తె చదువునకై పాతదిగా కొన్న ల్యాపుటాపును బల్లపై పెట్టెను. యంత్రము చెడలేదు, తెఱ వెలుగుచున్నది, మీటలు పనిచేయుచున్నవి. అయినను దానికి కాలము చెల్లినదని అంగడివాడు చెప్పెను. కారణమేమన, అందున్న విండోస్ 10 అను ఆపరేటింగు సిస్టమునకు మైక్రోసాఫ్టు కంపెనీవారి సాధారణ సంరక్షణ 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. తరువాతిదగు విండోస్ 11, కంపెనీవారు పెట్టిన నియమముల ప్రకారము, ఈ పాతయంత్రమున ఎక్కదు. కావున క్రొత్త యంత్రము కొనవలెను, లేదా తాళము పగులగొట్టిన దొంగప్రతిని ఏదో యొకటి ఎక్కించుకొనవలెను. రైతునకు మొదటిదానికి ధనము లేదు. రెండవదాని అర్థము తెలియదు. కొంతసేపు ఆలోచించి రెండవదానికే తల యూపెను.

ఆ తలయూపు మమ్ము మిక్కిలి నొప్పించినది. పరుల పొలములో ఒక చెఱకుగడ విఱుచుటకైనను జంకు మనుష్యుడు, తన బిడ్డ విద్యకు దొంగసొత్తు పునాదిగ వేయుచున్నానని యెఱుగకయే సమ్మతించెను. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణ, ఇట్టి ప్రతిని తెలిసి వాడుటను దండనార్హమగు నేరముగ నిర్ణయించినది. చట్టమటుండ, తాళము పగులగొట్టినవాడు లోపల నేమి దాచియుంచెనో కొన్నవానికి తెలియదు. మూడవ మార్గము కలదని ఆ అంగడిలో ఎవరును చెప్పలేదు.

ఆ మూడవ మార్గము లినక్సు అను పేరుతో ప్రసిద్ధమైన స్వేచ్ఛాయుత ఆపరేటింగు సిస్టము. పేరు విన్నవారు చాలమంది కలరు. అది యేమో, దానివలన మనకేమి లాభమో ఎఱిగినవారు కొలదిమంది. కావున మొదటినుండి చెప్పెదము.

ఆపరేటింగు సిస్టమనగా కంప్యూటరునకు పూర్వపు గ్రామకరణము వంటిది. ఏ పనికి ఎంత స్థలము, ఏ ఫైలు ఎచట నున్నది, ఎవరికి దానిపై హక్కు, ఎవరికి లేదు అను లెక్కలన్నియు దాని చేతిలో నుండును. కరణము లెక్కలు పదుగురు చదువగల లిపిలో నున్నచో ఊరు నిర్భయముగ నుండును. తానొక్కడే చదువగల రహస్యలిపిలో వ్రాసికొన్నచో ఊరంతయు ఆతని చేతిలో నుండును. కంపెనీలు విక్రయించు సిస్టములు పెక్కు ఈ రెండవజాతివి. వాని మూలలిపిని చూచుటకు కొన్నవానికి హక్కు లేదు. నిజమునకు అతడు కొన్నది సిస్టమును కాదు. వాడుకొనుటకు లైసెన్సును మాత్రమే. భూమి కలవారికి ఈ భేదము వేఱుగ చెప్పనక్కఱలేదు. పట్టాదారు వేఱు, కౌలుదారు వేఱు. యంత్రమునకు పట్టాదారై, దానిని నడుపు సిస్టమునకు కౌలుదారైనవాడు, కౌలుషరతులు మాఱిన దినమున యంత్రమును సైతము మూలకు త్రోయవలసివచ్చును. ఆ రైతునకు సంభవించినది ఇదియే.

ఈ స్థితిని మార్చుటకు పూనుకొన్నవారిలో మొదట చెప్పదగినవాడు అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసిన రిచర్డు స్టాల్‌మన్. ఆతని ప్రయోగశాలకు ఒక ప్రింటరు వచ్చెను. కాగితము ఇఱుకుకొన్నప్పుడెల్ల పని నిలిచిపోవుచుండెను. ఆ సంగతిని దూరమున నున్నవారికి తెలుపునట్లు దానిని సవరింపదలచి మూలలిపి నడుగగా ఇయ్యమనిరి. తన యంత్రమును తాను బాగుచేసికొను హక్కు లేకపోవుట ఆతనికి అన్యాయమని తోచెను. 1983లో గ్నూ అను పేర స్వేచ్ఛాయుత సిస్టమును నిర్మింపబూనెను. 1991లో ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, ఇరువదియొకటేండ్ల లైనస్ టోర్వాల్డ్స్, లినక్సు అను కేంద్రభాగమును వ్రాసి లోకమునకు వెల్లడించి, మఱుసటి సంవత్సరము దానిని స్టాల్‌మన్ రచించిన లైసెన్సు క్రిందికి తెచ్చెను. ఈ రెంటి కలయికయే నేటి సిస్టము. దీని కేంద్రభాగము పుట్టినది ఒక విద్యార్థి చేతిలోనను సంగతిని మన విద్యార్థులు మఱవరాదు.

ఆంగ్లమున ఫ్రీ యను మాటకు రెండర్థములుండుటచే అచటివారు ఈ విషయమున నిత్యము చిక్కుపడుచుందురు. తెలుగునకు ఆ చిక్కు లేదు. ఉచితము వేఱు, స్వేచ్ఛ వేఱు. ఉచితముగ నిచ్చినది ఇచ్చినవాడు ఎప్పుడైనను ఆపవచ్చును. స్వేచ్ఛయనగా ఇచట నాలుగు హక్కులు: ఏ పనికైనను వాడుకొనుట, లోపల నున్నదానిని చదివి మార్చుకొనుట, ప్రతిని పొరుగువానికి ఇచ్చుట, తాను మార్చినదానిని సైతము పదుగురకు పంచుట. తాండవ జలాశయపు నీటిని పంచుకొన్నచో ఒకరి వంతు తఱుగును, అందువలననే తగవులు. ఈ సొత్తు పంచినకొలది తఱుగదు. ఒక పెన్‌డ్రైవునుండి నూఱు యంత్రములకు ఎక్కించినను మొదటి ప్రతి చెక్కుచెదరక యుండును. అట్లు పంచుట చట్టవిరుద్ధము కాదు సరికదా, లైసెన్సే ఆ హక్కు నిచ్చుచున్నది.

ఇది పేదల సరుకనియు, పని రానివారి ప్రయోగమనియు కొందఱనుకొందురు. అట్టివారు తమ జేబులోని ఆండ్రాయిడు ఫోనును చూతురుగాక. దాని కేంద్రభాగము లినక్సే. ప్రపంచమున మిక్కిలి శక్తిమంతమైన 500 సూపరుకంప్యూటర్లు 2017వ సంవత్సరము నవంబరు నుండి అన్నియు దీనిపైననే నడచుచున్నవి. మన న్యాయస్థానముల కంప్యూటర్లకు సుప్రీముకోర్టు ఈ-కమిటీవారు ఉబుంటు అను లినక్సు రూపమునే ఎన్నుకొనిరి. చెన్నపట్టణములోని సీ-డాక్ వారు భారతీయ భాషలతో కూడిన బాస్ అను రూపమును 2007లో వెలువరించిరి. ప్రభుత్వ కార్యాలయములందు ఇట్టి సాఫ్టువేరునకు ప్రాధాన్యమీయవలెనని భారత ప్రభుత్వమువారు 2015లో విధాననిర్ణయము చేసిరి.

విద్యాలయముల విషయమున మనకు దారి చూపినది కేరళ. అచట 2001లో ఐటీ ఎట్ స్కూల్ అను పథకము ఆరంభమయ్యెను. కొలది సంవత్సరములలో ఆ ప్రభుత్వపాఠశాలల కంప్యూటర్లు లినక్సునకు మాఱినవి. 2017లో ఆ పథకమే కైట్ అను ప్రభుత్వ సంస్థగ రూపొందెను. అచటివారు చేసిన ముఖ్యమైన పని యేమన, ఉపాధ్యాయులనే ముందు శిక్షితులను చేసి, వారిచేతనే తోడి ఉపాధ్యాయులకు నేర్పించిరి. యంత్రము మొరాయించినప్పుడు కంపెనీ మనిషికై యెదురుచూడక పాఠశాలయే చక్కదిద్దుకొనుట నేర్చినది. మా దృష్టిలో మిగిలిన ధనముకంటె ఈ స్వావలంబనమే గొప్ప లాభము.

తెలుగునాటను ప్రయత్నములు లేకపోలేదు. హైదరాబాదున 2005లో ఆరంభమైన స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగు మాటలతో నడచు ఆపరేటింగు సిస్టమును సిద్ధపఱచి, విద్యార్థులలో ప్రచారము చేయుచున్నారు. లిబ్రె ఆఫీసు అను వ్రాతకోతల సాధనము తెలుగు మెనూలతో లభించుచున్నది. తిరుమల కృష్ణ దేశికాచారిగారు పోతన, వేమన అను యూనికోడు ఫాంట్లను ధనము పుచ్చుకొనక లోకమున కిచ్చిరి. ఇట్టి పనుల విలువ తెలియవలెనన్న ఒక చిన్న కష్టమును తలచుకొన్న చాలును. అచ్చుపనికై ఏర్పడిన పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు పాఠము, ఆ ఫాంటు లేని యంత్రమున తెఱచినచో పిచ్చిగీతలవలె కనబడును. వ్రాసినవాని భాష తెలుగే, చదువువాని భాష తెలుగే. నడుమనున్న లిపిసంకేతము ఒకరి సొంతమగుటచే ఇద్దఱును మూగవారైరి. యూనికోడు ఎల్లరదిగుటచే ఆ గోడ కూలినది.

ఇక ఫైళ్లను పంచుకొనుట అను విషయము. నేడు మన విద్యాలయములలో పాఠములు చేతులు మాఱుట పెన్‌డ్రైవులవలనను ఫోనులవలనను జరుగుచున్నది. ఒక పెన్‌డ్రైవు నలువది యంత్రములలో దూరి నలువదింటి జబ్బులను మోసికొనివచ్చును. ఫోను గలవానికి నోట్సు చేరును, లేనివానికి చేరదు. మన్యమున సిగ్నలు అందని ఊరికి పోయినవానికి అసలే చేరదు. దీనికి విరుగుడు సులభము. పాఠశాలలో ఒక పాత కంప్యూటరును లినక్సుతో సిద్ధపఱచి ఉమ్మడి గాదెగ నియమింపవలెను. మిగిలిన యంత్రములను తీగతో గాని, సామాన్యపు వైఫై రౌటరుతో గాని దానికి జోడింపవలెను. ఇంటర్నెట్టు లేకున్నను ఈ జోడింపు పనిచేయును. పాఠములున్న అఱను విద్యార్థులు చదువుకొనవచ్చును గాని చెఱపరాదు. ఉపాధ్యాయులు మాత్రమే మార్పవచ్చును. ప్రతి విద్యార్థికిని తన పేర వేఱొక అఱ యుండును. దానిని ఇతరులు తెఱవలేరు. ఈ కట్టుబాట్లన్నియు లినక్సునందు పుట్టుకతోనే యున్నవి.

గాదె లినక్సుది, కూలిన యంత్రములు విండోస్‌వి అయినచో ఎట్లను ప్రశ్న కలుగవచ్చును. దానికిని సాధనము కలదు. 1991-92 ప్రాంతమున ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయమున చదువుచున్న ఆండ్రూ ట్రిడ్జెల్ అను విద్యార్థి, తన చిన్న కంప్యూటరుతో వేఱుజాతి పెద్ద కంప్యూటరులోని ఫైళ్లను తెఱువగోరెను. వాని నడుమ తీగలో సాగు సంభాషణమును ఓపికతో గమనించి, ఆ భాషను తాను నేర్చి, ఒక ప్రోగ్రాము వ్రాసెను. అదియే నేటి సాంబా. దానివలన రెండుజాతుల యంత్రములును ఒకే గాదెనుండి పుచ్చుకొనవచ్చును. ఇదియు ఒక విద్యార్థి అవసరమునుండి పుట్టి లోకమునకు ఉపకరించినదే.

గాదెలో ఏమి నింపవలెనన్నచో కొఱత లేదు. ప్రభుత్వ పాఠ్యపుస్తకముల పీడీఎఫ్ ప్రతులు, ఉపాధ్యాయుల సొంత పాఠములు, గతసంవత్సరముల ప్రశ్నపత్రములు ఉంచవచ్చును. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను కివిక్సు అను సాధనముతో ఒకమాఱు తెచ్చి పెట్టుకొన్నచో ఇంటర్నెట్టు లేకయే చదువుకొనవచ్చును. సినిమాలను, అనుమతిలేని పుస్తకములను నింపుటకు మాత్రము ఈ గాదె కాదు. స్వేచ్ఛాయుత సాఫ్టువేరు పంచుట వేఱు, పరుల సొత్తు పంచుట వేఱు. ఈ వివేకము విద్యార్థికి మొదటినాడే నేర్పవలెను.

ఇది మనకు క్రొత్తబుద్ధి కాదు. 1914వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికవలన తొలి గ్రంథాలయ మహాసభ జరిగినది. నాటి పెద్దలు ఒక యింటిలో పదిపుస్తకములున్నచో ఊరివారందఱును చదువవలెనని తలచిరి. 1935లో పుస్తకములను పడవపై నెక్కించి కాలువగట్టు గ్రామములకు చేర్చిరి. ఆనాడు పడవ చేసిన పనిని నేడు మూలబడిన ఒక కంప్యూటరు చేయగలదు.

లినక్సునకు ఎదురుగ చెప్పుమాటలును ఆలోచింపదగినవే. ఉద్యోగములకు పోవువారిని వర్డు, ఎక్సెలు, ట్యాలీ వచ్చునా యని యడుగుదురు గాని లినక్సు వచ్చునా యని యడుగరని కొందఱందురు. ఇందు సత్యము కలదు. లిబ్రె ఆఫీసు వర్డు ఫైళ్లను తెఱచును, వ్రాయును. కాని పట్టికలును పుటల అమరికయు ఒక్కొక్కప్పుడు చెదరును. ట్యాలీ విండోస్‌కై ఏర్పడినది. అందుచేత లెక్కలు నేర్చు వాణిజ్యవిద్యార్థులకు న్యాయముగ కొన్న విండోస్ యంత్రములు ఒకటి రెండు ఉండవలసినదే. మేము వలదనుట లేదు. కాని ఒకటి రెంటికై నలువదింటిని దొంగప్రతులతో నింపుట యేల? వ్రాయుట, లెక్కవేయుట, పద్ధతిగ ఆలోచించుట అను విద్య వచ్చినవానికి మీటల స్థానము మాఱినంతమాత్రమున విద్య పోదు. సాఫ్టువేరు పరిశ్రమలో చేరగోరువానికి లినక్సు తెలిసియుండుట మేలుగాని కీడు కాదు. ఇంటర్నెట్టులోని సర్వర్లు పెక్కు దానిపైననే నడచుచున్నవి.

మరమ్మతు చేయువారు దొరకరని మఱొక యాక్షేపణ. ఇదియు నిజమే. కొన్ని ప్రింటర్లు మొండికేయును. మిక్కిలి పాతబడిన యంత్రము దేనితోను పరుగెత్తదు. లినక్సునందును ఎప్పటికప్పుడు సవరణలు తెచ్చుకొనవలెను. అది తాయెత్తు కాదు. క్రొత్త సిస్టమును ఎక్కించునప్పుడు పాత ఫైళ్లను ముందుగ వేఱొకచోట భద్రపఱుపనివాడు పశ్చాత్తాపపడును. అయినను పరీక్షించి చూచుటకు సాహసము అక్కఱలేదు. పెన్‌డ్రైవునుండియే లినక్సును తాత్కాలికముగ నడపి, తెఱ, శబ్దము, వైఫై సరిగ నున్నవో లేవో చూచుకొని, నచ్చనిచో పెన్‌డ్రైవు తీసివేయవచ్చును. పాతదంతయు ఎప్పటివలెనే యుండును. లినక్సు మింట్, లుబుంటు మొదలగు తేలిక రూపములు నాలుగు జీబీ ర్యాము గల పాతయంత్రములను సైతము చదువుపనికి అక్కఱకు తెచ్చును.

ఇది ఒక రైతు ల్యాపుటాపు మాటయే కాదు. 2025వ సంవత్సరము జూలైలో, గుజరాతులోని వాడినారున నూనెశుద్ధి కర్మాగారమును నడుపు నయారా ఎనర్జీ కంపెనీకి, ఐరోపా సంఘమువారి ఆంక్షలు కారణముగ, మైక్రోసాఫ్టువారి సేవలు ఆగిపోయెను. కంపెనీ ఢిల్లీ హైకోర్టు నాశ్రయించెను. కొలదిదినములకు సేవలు మఱల లభించినవి. తప్పొప్పుల విచారణ ఇచట మా పని కాదు. మన గడ్డపైనున్న కర్మాగారపు ఉత్తరప్రత్యుత్తరములు మన చట్టములకు సంబంధములేని దూరదేశపు నిర్ణయముచే ఆగగలవని ఎల్లరకును తెలిసినది. కోర్టుకెక్కగల కంపెనీకే అట్లయినచో, నర్సీపట్నపు పాఠశాల ఎవరితో మొఱపెట్టుకొనును? తాళపుచెవి తనయొద్ద లేని యింటిలో కాపురముండువాడు యజమానుని దయపై నుండవలసినదే.

కావున ఈ పట్టణపు పెద్దలకును చుట్టుపట్ల భూస్వాములకును మా మనవి. మీ యిండ్లలోను దుకాణములలోను కాలము చెల్లినదని అటకెక్కించిన కంప్యూటర్లు ఎన్ని యున్నవో ఒకమాఱు చూచుకొనుడు. అందున్న సొంత ఫైళ్లను తీసికొని యంత్రమును సమీప విద్యాలయమున కిండు. కళాశాలలో కంప్యూటరు శాస్త్రము చదువు యువకులు ఆదివారములందు కూడి, ఆ యంత్రములకు లినక్సు ఎక్కించి, ఉమ్మడి గాదెను నెలకొల్పి, చిన్నతరగతులవారికి చూపవలెను. నేర్చినవాడు నేర్పవలెను, ఈ సాఫ్టువేరు పెరిగినదే అట్లు. ఉపాధ్యాయులలో ఇద్దఱైనను దీనిని సొంతము చేసికొననిచో మొదటి యుత్సాహము చల్లారినపిమ్మట గాది ఖాళీయగును. కావున వారికి తీఱికయు గౌరవమును కల్పించుట పాఠశాల నిర్వాహకుల ధర్మము. మరమ్మతుల అంగడివారికిని ఇందు నష్టము లేదు. దొంగప్రతి ఎక్కించి పుచ్చుకొను కూలినే న్యాయమైన ప్రతి ఎక్కించి పుచ్చుకొనవచ్చును. సాఫ్టువేరునకు వెల లేదుగాని పనికి కూలి కలదు.

ఒక పాఠశాల, ఒక గాదె, పది పాతయంత్రములు - మొదటి సంవత్సరమునకు ఇంతకంటె కోరము. రాజధానినుండి ఉత్తరువు వచ్చువఱకు వేచియుండనక్కఱలేదు. ఎవరి యనుమతియు అక్కఱలేకపోవుటయే స్వేచ్ఛాయుత సాఫ్టువేరు విశేషము. ఇక మీదట ఏ రైతైనను కుమార్తె ల్యాపుటాపును ఆ అంగడి బల్లపై పెట్టినప్పుడు, క్రొత్తది కొనుమనియు దొంగది ఎక్కింపుమనియు చెప్పు రెండు మాటలకు తోడు మూడవమాట చెప్పువాడొకడు ఈ యూర నుండవలెను. ఆ ఒక్కని సిద్ధముచేయు భారము మన పాఠకులు వహింతురుగాక యని కోరుచున్నాము.